రెండో జత

లాడ్జి గది తాళంచెవి ఇచ్చేశానో లేదో, జేబులు తడుముకుంటే లేదు కాబట్టి ఇచ్చేసే ఉంటాను, కౌంటరు దగ్గర ముసలాయన చెయ్యి చాపడం గుర్తుంది, ఆ చేతిలో ఏదో పెట్టడమూ గుర్తుంది, అది తాళంచెవో దువ్వెనో ఆ ముసలాయనకే తెలియాలి, అనుకుంటూ ఆమె మొదటి మలుపు ఎక్కింది, ఇరవై గజాల ముందు పచ్చ కోటులో కూతురు వెనక్కి తిరగకుండానే ఎడం చెయ్యి కిందికి చాపి వేలితో నేల చూపించింది, గొయ్యి ఉందని, ఆమె గొయ్యి తప్పించింది, ఆ చెయ్యి చాపడం అచ్చం వాళ్ళ నాన్నదే, వేలు కొంచెం వంచి, ఎవరో పారేసుకున్న వస్తువు చూపిస్తున్నట్టు, పిల్లకి ఎవరూ నేర్పలేదు, నేర్పాల్సిన మనిషి మూడేళ్ళ కిందట ఈ కొండ అవతలి వైపు దిగుతూ పోయాడు, ఇవాళ తల్లీకూతుళ్ళిద్దరూ ఆ దారినే దిగాలి, దిగేలోపు ఆమె కూతురికి ఒక మాట చెప్పాలి, చెప్తానని తనకి తనే మాటిచ్చుకుంది, చెప్పాల్సింది ఒకే ఒక్క వాక్యం, ఆ రోజు పొద్దున నేను మీ నాన్న సైకిలు చూడలేదు, అంతే, ప్రూఫు కాగితం మీదైతే ఒక లైను కూడా నిండదు, ఆ లైను మూడేళ్ళుగా గొంతుకి అడ్డం పడి ఉంది.

ఎక్కుడు పన్నెండు మలుపులు, పైన కనుమ, కనుమలో టీ కొట్టు, అవతల దిగుడు పద్నాలుగు మలుపులు, టీ తాగుతూ చెప్పాలని ఆమె లెక్క, కాబట్టి ఇంకా పదకొండు మలుపుల సేపు చెప్పక్కర్లేదు, వాయిదాలు వెయ్యడంలో తనని మించినవాళ్ళు ఈ కొండల్లో లేరు, నిన్న వంతెన దగ్గర చెప్దామనుకుంది, మొన్న భోజనాల దగ్గర, అంతకు ముందు ఇంట్లోనే, మెట్ల కింద దుప్పటి కప్పి పడేసిన తన సైకిలు కూతురు బయటికి లాగి దుమ్ము తుడుస్తూ, అమ్మా, నాన్న ఆగిపోయిన దారి మనిద్దరం పూర్తి చేద్దాం, ఐదు రోజులే, సెలవు పెట్టు, అన్నప్పుడు చెప్దామనుకుంది, చెప్పకుండా సెలవు చీటీ రాసింది, ఎడం మోకాలు నేనున్నానంటోంది, అది కుర్చీలో కూర్చోడానికి పుట్టిన మోకాలు, ఇరవై ఎనిమిదేళ్ళుగా ప్రెస్సులో కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని ఎర్ర కలంతో ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ దిద్దే మనిషికి కొండలెందుకే తల్లీ అని వాళ్ళమ్మ నెత్తీ నోరూ బాదుకునేది, కొండలు ఆయనవి, ఆయన లిఫ్టు మెకానిక్కు, వారమంతా ఇనప పెట్టెల్లో పైకీ కిందికీ తిరిగి సెలవొచ్చిందంటే చాలు, ఇక నా కాళ్ళతో నేనెక్కాలి అనేవాడు, మొదట్లో ఇదేం పిచ్చి అనుకుంది, ఆ పిచ్చి తనకెప్పుడు అంటుకుందో గుర్తు లేదు, మూడో మలుపు, చైను చిన్న చక్రం మీదికి మార్చింది, కరకరమని సణిగి ఎక్కింది, కూతురు ముందు నుంచి, అమ్మా, ఆయాసం వస్తే ఆగు, పోటీ ఏం లేదు, అని అరిచింది, నాకేం ఆయాసం, అని ఆమె ఆయాసపడుతూ అరిచింది.

ఎవరి సైకిలు వాళ్ళు చూసుకోకూడదు, ఇది వాళ్ళింటి చట్టం, చేసింది ఆమే, ప్రెస్సులో నేర్చుకున్నది, పేజీ కూర్చినవాళ్ళు ఆ పేజీ దిద్దకూడదు, తన తప్పుని తన కన్ను ఒప్పుగానే చదువుకుంటుంది, లేని అక్షరాన్ని ఉన్నట్టే చూస్తుంది, వేరే కన్ను కావాలి, పెళ్ళయిన ఏడాది మొదటి ప్రయాణంలో ఆయన తన ముందు చక్రం నట్టు తనే బిగించి, తనే చూసి, బ్రహ్మాండం అన్నాడు, ఆమె ఊరికే వేళ్ళతో పట్టుకుంటే నట్టు గిర్రున తిరిగింది, ఆయన తెల్లమొహం వేశాడు, ఇదేనా మీ పనితనం, మీరు చూసిన లిఫ్టుల్లో ఎక్కే జనం గతేంటండీ, అంటే తల గోక్కున్నాడు, ఆమె ప్రెస్సు సంగతి చెప్పింది, ఆయన బుద్ధిమంతుడిలా విని, సరే దిద్దుబాటుగారూ, రేపట్నుంచి నాది మీరు చూడండి, మీది నేను చూస్తా, అన్నాడు, ఆ పూట నుంచి ఆమె పేరు దిద్దుబాటుగారే, ఇరవై రెండేళ్ళు, ప్రయాణంలో ప్రతి పొద్దునా ఆయన ఆమెది, ఆమె ఆయనది, టైర్లు వేళ్ళతో నొక్కి, చక్రాలు పట్టి ఊపి, బ్రేకులు పట్టి వదిలి, రబ్బర్లు ఎంత మిగిలాయో వంగి చూసి, ముందు చక్రం మోకాళ్ళ మధ్య ఇరికించి హేండిలు మెలితిప్పి, ఏడు నిమిషాల పని, బాగుంటే ఏమీ అనరు, బాగోకపోతేనే అంటారు, ఏమీ అనలేదంటే బాగున్నట్టు, ఆ అలవాటు ఎంత ముదిరిందంటే ఎవరి సైకిలు వంక వాళ్ళు చూడటమే మానేశారు, ఎక్కడం, తొక్కడం. ఇప్పుడు కూతురితోనూ అదే, నాలుగు రోజులుగా ఆమె కూతురి సైకిలు పొద్దున ఒకసారి కాదు, టీకి ఆగినప్పుడల్లా వంగి చూస్తోంది, అది సైకిలమ్మా, పరీక్ష పేపరు కాదు, అని పిల్ల విసుక్కుంటోంది, ఇవాళ పొద్దున లాడ్జి షెడ్డులో ఆమె సైకిలు దగ్గర గొంతుకూర్చున్న కూతురు, నాలుగు రోజుల నుంచి అందామనుకుంటున్నా, వెనక రబ్బర్లు కొత్తవే వేయించావే, మంచి పని చేశావు, అంది, ఆమె ఊఁ అంది, ఏమందో వినకుండానే అంది, మనసంతా ఆ షెడ్డు గోడ మీద ఉంది, అదే షెడ్డు, అదే గోడ, ఆయన సైకిలు ఆనించిన చోట సున్నం గీరుకుపోయి ఉంది, అది ఆయన సైకిలు గీరిందేనని ఎవరు చెప్పగలరు, మూడేళ్ళలో ఎన్ని సైకిళ్ళు ఆనించి ఉంటారో.

అసలది గొడవ కూడా కాదు, గొడవైతే ఎంత బాగుండేది, నాలుగు మాటలు అనుకుని తెల్లారేసరికి చల్లబడేవాళ్ళు, ఆయన పోయే ముందు రోజు సాయంత్రం ఇదే లాడ్జి భోజనాల గదిలో పొడుగు బల్ల, మూడు రోజుల నుంచి వాన, తడి మేజోళ్ళన్నీ పొయ్యి దగ్గర ఆరేసి, ఇంకో నలుగురు సైకిళ్ళ కుర్రాళ్ళు, ఆయనకి నలుగురు దొరికితే పండగే, మా ఆవిడకి ఎక్కుడొస్తే సైకిలు మీద జాలండీ, దిగిపోయి దాన్ని నడిపించుకుంటూ కబుర్లు చెప్పుకుంటూ వస్తుంది, ఇద్దరికీ ఎన్ని కబుర్లో, నేను పైన రెండు టీలు తాగి పేపరు మొత్తం చదివేశాక గానీ రారు, అన్నాడు, బల్లంతా గొల్లుమంది, ఒక కుర్రాడికి పొలమారింది, ఆమె కూడా నవ్వింది, నవ్వకపోతే ఏం బాగుంటుంది, కానీ ఆ రోజు ఆమె ఒక్క మలుపులో కూడా దిగలేదు, అంత వానలో, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, ఒక్క చోట కూడా, పైకొచ్చి ఆయన మొహం వంక చూసింది, ఏమన్నా అంటాడేమోనని, ఆయన టీ గ్లాసు చేతికిచ్చి, తడిసిపోయావు, పద, అన్నాడు, ఎప్పుడూ ముందు పోయే మనిషికి వెనక మనిషి దిగిందో లేదో ఎలా తెలుస్తుంది, అది ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు తెలియలేదు, గదిలోకొచ్చాక, ఏమైందోయ్, అన్నాడు, ఏం లేదు, అంది, ఏం లేదు అన్న గొంతులోనే అంతా ఉంటుంది, ఆయనకి తెలుసు, లైటు తీసేశాక, సర్లే, నవ్వించడానికన్నాను, అన్నాడు, ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

ఆరో మలుపులో కాళ్ళు ఇక వల్లకాదన్నాయి, దిగింది, సైకిలు నడిపించుకుంటూ పోతోంది, ఎవరూ నవ్వలేదు, నవ్వేవాళ్ళు లేరు, కూతురు పై మలుపులో ఆగి పిట్టగోడ మీద కాలు పెట్టి చూస్తోంది, చూసి తనూ దిగి నడిపించడం మొదలెట్టింది, ఎందుకే, నువ్వు తొక్కు, అంటే, నా దానికీ కాసేపు కబుర్లు కావాలటమ్మా, అంది, ఈ మాట దీనికెలా తెలుసు, ఆయన ఆ హాస్యం ఊరంతా ఎన్నిసార్లు ఆడాడో, ఆఫీసులో, ఆడపడుచు ఇంట్లో, కూతురి స్నేహితురాళ్ళ దగ్గర, అందరికీ తెలిసిన పాత హాస్యానికి తను ఆ ఒక్క రాత్రే ఎందుకు రోషపడింది, ఒళ్ళు అలసి ఉంది, మేజోళ్ళు తడిసి ఉన్నాయి, మెచ్చుకుంటాడని ఆశపడింది, ఇంతే, ఇంత చిన్నదానికి ఇంత పెద్దది జరగడం అన్యాయం, ఆమె పైకే అంది అన్యాయం అని, ఏంటమ్మా, అంది కూతురు, ఏం లేదు, అంది ఆమె.

ఆ పొద్దున ఆయన చీకటితోనే లేచాడు, దుప్పటి కింద కళ్ళు మూసుకునే ఆమె అన్నీ విన్నది, బూట్లు వేసుకోవడం, కాళ్ళ చప్పుడు లేకుండా నడవాలని తలుపు దగ్గర బకెట్టు తన్నడం, షెడ్డు తలుపు కిర్రుమనడం, వెళ్ళాడు, తనది తనే చూసుకుంటున్నాడు కాబోలు, చూసుకోనీ, అనుకుంది, కోపమొస్తే చట్టాలు గుర్తుంటాయా, నాది నేను చూసుకోలేనా, చాలాసేపు ఉన్నాడు షెడ్డులో, ఆమె లేచి మొహం కడుక్కుని సంచీ సర్దుకుని వెళ్ళేసరికి ఆయన బయట లాడ్జివాడితో వాన గురించి మాట్లాడుతున్నాడు, ఆయన సైకిలు గోడకి ఆనించి ఉంది, దాని పక్కనుంచి పోతుంటే ఆమె చెయ్యి దానంతటది లేచింది, అలవాటు కదా, వేళ్ళు ఆయన బ్రేకు మీద పడ్డాయి, నొక్కలేదు, వేళ్ళు పడ్డాయి, అప్పుడు గుర్తొచ్చింది తనకి కోపమని, చెయ్యి వెనక్కి తీసుకుంది, ఒక్కసారి నొక్కి ఉంటే ఇనుము చప్పుడు వినిపించేది, ఏడు నిమిషాలు కూడా అక్కర్లేదు, ఒక్క నొక్కు, ఆ చెయ్యి ఇదిగో ఈ చెయ్యే, ఇప్పుడు హేండిలు పట్టుకున్న చెయ్యి, ఇదే ప్రెస్సులో కామాలు పెడుతుంది, ఇదే కూతురికి జడలు వేసింది, ఆ పొద్దున ఇదే వెనక్కి వచ్చేసింది. దారిలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు, కనుమలో టీ తాగలేదు, దిగుడులో ఆయన ముందు, పసుపు వానకోటు, ఏడో మలుపులో ఎడం చెయ్యి చాచి కంకర చూపించాడు, కోపంలో కూడా చూపించాడు, ఎనిమిది, ఎప్పటికంటే జోరుగా పోతున్నాడు, నా మీద కసితో తొక్కుతున్నాడు అనుకుంది, తొమ్మిదో మలుపు, అందరూ తిరగాల్సిన చోట పసుపు కోటు తిరగలేదు.

పోలీసు గదిలో బల్ల మీద ఆయన సంచీ బోర్లించారు, పంపు, స్పానరు, సగం తిన్న బిస్కట్ల పొట్లం, అట్టకి కుట్టిన కొత్త బ్రేకు రబ్బర్లు ఒక జత, విప్పనివి, రెండు బ్రేకులకీ రబ్బర్లే లేవమ్మా, మూడు రోజుల వానకీ ఇసుకకీ అరిగిపోయాయి, ఇనుముకి ఇనుము రాసుకుంది, అన్నాడు పోలీసాయన, వస్తువుల జాబితా ఆమె ముందు పెట్టాడు, ఆమె దాన్ని మొదట్నుంచి చివరిదాకా చదివింది, ఒక చోట దీర్ఘం తప్పుంటే ఆయన కలమే తీసుకుని దిద్దింది, దిద్ది సంతకం పెట్టింది, భర్త పోయిన నాడు దీర్ఘం దిద్దిన ఆడది, పోలీసాయన ఆమె వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఇంట్లో ఆడపడుచు గుండెలు బాదుకుంది, ఊరందరి లిఫ్టులకీ బ్రేకులు చూసినవాడు తన బ్రేకు చూసుకోలేకపోయాడా తమ్ముడూ, అని, వచ్చినవాళ్ళంతా అవునవునన్నారు, చట్టం సంగతి వాళ్ళకేం తెలుసు, తెలిసింది ఇంట్లో ఒక్క కూతురికే, అందరూ వెళ్ళాక వంటింట్లోకొచ్చి నిలబడి, అమ్మా, ఆ రోజు నాన్నది చూశావు కదా, అని అడిగింది, అడగడంలో అనుమానం లేదు, ఇరవై ఒక్కేళ్ళ పిల్ల, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళు, చూశావు కదా అంటే చూశానని చెప్పమని బతిమాలడమే, చూశానమ్మా, అంది ఆమె, బాగానే ఉన్నాయి, దారిలో అరిగి ఉంటాయి, అంది, కూతురు తల ఊపి గిన్నెలు తోమడానికి కూర్చుంది, ఆ అబద్ధం ఆ గిన్నెల మధ్యనే ఇంకా ఉంది, రోజూ తీసి తోమి బోర్లిస్తూనే ఉంది.

కనుమలో గాలి, టీ కొట్టావిడ రెండు గ్లాసులు పెట్టి, అక్కాచెల్లెళ్ళా, అంది, అవునండీ, ఈవిడ చెల్లెలు, మొండిది, అంది కూతురు ఆమె భుజం మీద చెయ్యేసి, కొట్టావిడ నవ్వింది, ఆమె గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది, ఇప్పుడు, ఇదే చోటు, నోరు తెరిచింది, చక్కెర ఎక్కువైంది, అంది, కూతురు తన గ్లాసు ఇచ్చి ఆమెది తీసుకుంది, నాది తాగు, తక్కువ వేయించా, అంది, పిల్ల పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు చేస్తుంది, ముసలివాళ్ళ చిగుళ్ళకి సరిపోయేదాకా వెంట్రుకవాసి గీకుతూ కూర్చునే ఓపిక, ఆ ఓపిక వాళ్ళ నాన్నది, ఆ ఓపికతోనే మూడేళ్ళుగా ఆమెని చూసుకుంటోంది, చెప్తే ఈ చెయ్యి భుజం మీద ఉంటుందా, ఉండదు, ఎందుకుంటుంది, తను కూతురి స్థానంలో ఉంటే ఉంచుతుందా, ఇలా అనుకుంటూనే గ్లాసు ఖాళీ చేసి, పద, అంది, ఎవరో తరుముతున్నట్టు లేచింది.

రెండో దిగుడు మలుపులో కూతురి వెనక టైరు చీదేసింది, అయ్యో, పంచరు, అంటూ పిట్టగోడ పక్కకి తీసింది, సైకిలు తలకిందులు చేసింది, నా సంచీలో లివర్లు లేవమ్మా, టైరు ఊడదీయాలి, నీ సీటు కింద సంచీలో ఉంటాయిగా, ఇటివ్వు, అంది, సీటు కింద సంచీ, ఆమె దాన్ని మూడేళ్ళుగా ముట్టుకోలేదు, పట్టీ బిగుసుకుపోయింది, గోరు విరిగింది, ప్యాచీల డబ్బా, సొల్యూషను గొట్టం ఎండిపోయి, లివర్లు రెండు, వాటి కింద చిన్న పొట్లం, కాగితంలో చుట్టింది, ఆ కాగితం చూడగానే పోల్చుకుంది, ప్రెస్సు నుంచి తను తెచ్చే చెడిపోయిన ప్రూఫులు, ఇంట్లో రొట్టె నుంచి మేకుల దాకా అన్నీ వాటిలోనే చుట్టేవాళ్ళు, పైన తన ఎర్ర గీతలు, ఒక పదం కొట్టేసి పక్కన రాసిన తన అక్షరం, ఏంటమ్మా అది, అని కూతురు అందుకుని విప్పింది, లోపల రెండు బ్రేకు రబ్బర్లు, పాతవి, అరిగి అరిగి ఇనుము తేలినవి, కూతురు బొటనవేలి గోటితో గీకి చూసింది, పళ్ళు చూసినట్టే, ఇవి ఇంకో పూట కూడా వచ్చేవి కావు, అంది, కాగితం తిప్పింది, అమ్మా, నాన్న రాత, అంది, గొంతు చిన్నపిల్ల గొంతయింది.

లిఫ్టుల వాళ్ళ పద్ధతి అది, పాత సామాను తీసి కొత్తది వేస్తే ఆ పాతదాన్ని పారెయ్యకూడదు, చుట్టి, తారీకు వేసి, యజమానికి చూపించాలి, ఏం పోయిందో ఏం వేశామో వాళ్ళ కళ్ళతో వాళ్ళు చూడాలి, ఆయన ఇంట్లో బల్బు మార్చినా అంతే, పోయిన బల్బు తెచ్చి ఆమె ముందు పెట్టేవాడు, చూశానులెండి మహాప్రభో, పారెయ్యండి, అనేది, కాగితం మీద పెన్సిలు, ఆ రోజు తారీకు, దాని కింద నాలుగు ముక్కలు, కూతురు పైకి చదివింది, వెనక బ్రేకు, పూర్తిగా పోయింది, కొత్తవి వేశాను, కోపం తగ్గాక చూడు.

కోపం తగ్గాక చూడు, నీ కోపమా నాన్న కోపమా, అని కూతురు ఏడుస్తూ నవ్వుతోంది, ఎప్పుడేశాడమ్మా, నీ వెనక రబ్బర్లు కొత్తవని పొద్దున చెప్పానే, నువ్వే వేయించావనుకున్నా, నాన్న వేసినవా అవి, చూడు ఎలా రాశాడో, అంటోంది, ఆమెకి ఏమీ వినపడటం లేదు, చీకటితో లేచి బకెట్టు తన్నుకుంటూ వెళ్ళింది తన సైకిలు కోసం కాదు, షెడ్డులో అంతసేపు వంగి కూర్చున్నది నాది చూడటానికి, బయల్దేరే ముందు సైకిళ్ళ దుకాణంలో రబ్బర్లు రెండు జతలు కొన్నాం, ఒకటి నీకు ఒకటి నాకు అన్నాడు, పోలీసు బల్ల మీద ఒక జతే ఉంది, ఒకటే, జాబితాలో దీర్ఘం తప్పు కనిపించిన దాన్ని, రెండో జత ఏదని మూడేళ్ళలో ఒక్కసారి అడగలేదు, ఎదురుగా లేనిది కనిపించలేదు, నా పేజీ కదా, నా కన్నే కదా చదివింది, మరి తనకోసం ఉంచుకున్న జత అట్ట కూడా విప్పలేదెందుకు, నావి అంత అరిగితే తనవి అరగవా, అదే వాన, అదే ఇసుక, ఎందుకు చూసుకోలేదు, ఎందుకంటే చూసుకోకూడదు, అది నా పని, నేను చూసి ఏమీ అనకపోతే బాగున్నట్టు, ఆ పొద్దున నేను ఏమీ అనలేదు, ఆయనతో ఒక్క మాట అనలేదు.

నేను చూడలేదమ్మా, అంది ఆమె, అనేశాక గానీ అన్నట్టు తెలియలేదు, వాక్యం గొంతులోంచి అంత తేలిగ్గా జారిపోతుందనుకోలేదు, ఏంటి, అంది కూతురు, ఆ రోజు నేను మీ నాన్న సైకిలు చూడలేదు, కోపమొచ్చి చూడలేదు, చెయ్యి వేసి కూడా తీసేశాను, ఆయన నాది చూశాడు, నేను ఆయనది చూడలేదు, అంది, కూతురి మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, పోవడానికి కొంచెం సేపు పట్టింది, చూశానన్నావు, అంది, అన్నాను, అంది ఆమె, వంటింట్లో నేనడిగితే చూశానన్నావు, అన్నానమ్మా, మూడేళ్ళు, అంది కూతురు, ఒకే ఇంట్లో, రోజూ ఎదురుగా, అని ఇంకేదో అనబోయి, చేతిలో లివరు కింద పెట్టి, పిట్టగోడ దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడింది, పచ్చ కోటు వీపు, గాలికి కోటు ఉబ్బుతోంది, ఆమె దగ్గరికి పోలేదు, పోయి ఏమంటుంది, తనే పిల్ల సైకిలు టైరు ఊడదీసి, ట్యూబు మీద సీసాలోని నీళ్ళు పోసి బుడగలు చూసి, పిల్ల సంచీలో సొల్యూషనుతో ప్యాచీ వేసి, పంపు కొట్టింది, చేతులకి పని తెలుసు, పంపు చప్పుడు ఒక్కటే, ఒక లారీ పైకి పోయింది, డ్రైవరు, ఏమ్మా సాయం కావాలా, అన్నాడు, ఆమె వద్దన్నట్టు చెయ్యి ఊపింది, కూతురి వీపు తిరగలేదు, ఇక ఇది ఎప్పటికీ తిరగదేమో, అయినా చెప్పాను, ఆలస్యంగానైనా, ఇది నాతో మాట్లాడకపోయినా భరించాలి, ఎందుకు మాట్లాడాలి, అనుకుంటూ చక్రం బిగించి సైకిలు నిలబెట్టింది.

కూతురు వచ్చింది, కళ్ళు ఎర్రగా, కోటు చేతితో ముక్కు తుడుచుకుంటూ, ఆమె మొహం వంక చూడలేదు, తిన్నగా ఆమె సైకిలు దగ్గరికి పోయి గొంతుకూర్చుంది, వెనక చక్రం ఎత్తి తిప్పింది, బ్రేకు పట్టింది, చక్రం టక్కున ఆగింది, మళ్ళీ తిప్పింది, మళ్ళీ పట్టింది, ఆ రబ్బర్ల మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచింది, లేచింది, ఏమీ అనలేదు, ఆమె వెళ్ళి కూతురి సైకిలు టైరు నొక్కింది, నట్లు పట్టి చూసింది, బ్రేకులు పట్టి వదిలింది, వంగి రబ్బర్లు చూసింది, కన్నీళ్ళకి కనపడకపోతే తుడుచుకుని మళ్ళీ చూసింది, ఏమీ అనలేదు, పొట్లం మళ్ళీ చుట్టి కూతురే తన కోటు జేబులో పెట్టుకుంది, నాకివ్వవా అని అడగాలనిపించింది, అడగలేదు, నేను ముందు పోతా, దూరం ఉంచి రా, అంది కూతురు, గొంతు ఇంకా గట్టిగానే ఉంది, అది కోపమే, అది ఇవాళ తగ్గేది కాదు, తగ్గినప్పుడే తగ్గనీ.

మూడు, నాలుగు, దారి పొడిగా ఉంది, అడవి వాసన, చెవుల్లో గాలి, ఆమె కుడిచేతి వేళ్ళు వెనక బ్రేకు మీద ఉన్నాయి, నొక్కితే పట్టుకుంటోంది, వదిలితే వదులుతోంది, చీకట్లో ఆయన వేళ్ళు బిగించిన నట్లు, ఆ రోజు వానలో తను పిట్టగోడ దాకా వచ్చి ఆగగలిగింది వీటి వల్లనే, ఆగి అరవగలిగింది వీటి వల్లనే, ఐదు, ఆరు, ఏడో మలుపులో పచ్చ కోటు ఎడం చెయ్యి చాచి వేలు వంచి కంకర చూపించింది, అంత కోపంలోనూ చూపించింది, ఆమె కంకర తప్పించింది, ఎనిమిది, ఇక్కడే జోరు పెంచాడని, నా మీద కసితో పోయాడని మూడేళ్ళు అనుకుంది, కసి కాదు, బ్రేకు నొక్కి ఉంటాడు, అది పట్టి ఉండదు, అదీ తెలియదు, తెలిసిందల్లా ఒక్కటే, తొమ్మిదో మలుపు వస్తోంది, పిట్టగోడకి కొత్త రాళ్ళు కట్టిన చోటు తెల్లగా కనిపిస్తోంది, కూతురు మెల్లగా తిరిగింది, ఆమె బ్రేకు నొక్కింది, తిరిగింది, రోడ్డు మళ్ళీ ముందు తిన్నగా ఉంది, ఆయన కోపంతో దిగలేదు, బ్రేకు పోయి ఉంటే ఎంత కోపంలోనైనా ఈ మనిషి నాతో ఒక్క మాట చెప్పకుండా ఉంటుందా అనుకుని, నేను చూసే ఉంటాననుకుని, నిశ్చింతగా దిగాడు.